హైదరాబాద్ నుంచి డాలస్: దూరం ఎంత, ఎన్ని గంటలు పడుతుంది?

ప్రశ్న: నమస్కారమండీ. ఆగస్టులో ఎం.ఎస్. చదవడానికి డాలస్ వస్తున్నాను. దుబాయ్ మీదుగా ఒక టికెట్, లండన్, షికాగోల మీదుగా ఇంకొకటి చూశాను. రెండోది కాస్త చవక. ఏది దగ్గర దారి? ఎక్కేది, దిగేది ఒకే తేదీ చూపిస్తోంది, కరెక్టేనా?

ప్లేనో (డాలస్ పక్క ఊరు) నుంచి: కరెక్టే. ఆగస్టులో డాలస్ టైమ్ మనకంటే పదిన్నర గంటలు వెనక. తెల్లవారుజామున 4:30కి శంషాబాద్‌లో ఎక్కి మొత్తం 24 గంటలు పట్టిందనుకోండి, ఇక్కడ అదే రోజు సాయంత్రం 6 అవుతుంది. నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా తేడా పదకొండున్నర గంటలు. పికప్‌కి వచ్చేవాళ్లకి డాలస్ తేదీ, డాలస్ టైమే చెప్పండి. తిరుగు ప్రయాణంలో మాత్రం శుక్రవారం రాత్రి ఎక్కితే ఇల్లు చేరేది ఆదివారమే.

ఇక దూరం. నేరుగా కొలిస్తే సుమారు 14,400 కి.మీ., కానీ నాన్‌స్టాప్ విమానం లేదు. దుబాయ్ మీదుగా 2,550, ఆపైన 12,900. లండన్ మీదుగా 7,750, ఆపైన 7,630. షికాగో దాదాపు దారిలోనే ఉంది కాబట్టి అక్కడ ఆగినా పెద్దగా పెరగదు. ఎటు చూసినా దాదాపు 15,400 కి.మీ.లే. దుబాయ్ దారిలో మొదటిది నాలుగు గంటలు, రెండోది ఏకబిగిన 16 గంటలు. లండన్ దారిలో లండన్ దాకా పది గంటలు, షికాగోకి ఇంకో తొమ్మిది, అక్కణ్నుంచి డాలస్‌కి దాదాపు మూడు.

ఇర్వింగ్ నుంచి: దూరం కాదు తమ్ముడూ, షికాగోలో ఎంతసేపు ఆగుతావో చూడు. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్. బ్యాగులకి డాలస్ ట్యాగ్ వేసినా షికాగోలో బెల్ట్ మీంచి తీసుకోవాలి, కస్టమ్స్ దాటించాలి, మళ్లీ ఇవ్వాలి. లండన్ విమానం టెర్మినల్ 5లో దిగుతుంది. అక్కణ్నుంచి ట్రైన్‌లో వేరే టెర్మినల్‌కి వెళ్లి, ఇంకోసారి సెక్యూరిటీ చెక్. ఆగస్టులో స్టూడెంట్ల క్యూ చాలా పొడుగు. గంటన్నర లేఓవర్ అస్సలు చాలదు, మూడు గంటలైనా ఉంటేనే బుక్ చెయ్యి. మొత్తం ఒకే పీఎన్‌ఆర్ మీద ఉండాలి. అప్పుడే ఒక విమానం తప్పినా ఎయిర్‌లైన్ వాళ్లే తర్వాతి దాంట్లో సీటు చూస్తారు. విడివిడిగా కొంటే మిగతా టికెట్ డబ్బు పోయినట్టే. మొదటిసారి వస్తున్నావు కాబట్టి, ధర తేడా మరీ ఎక్కువ లేకపోతే దుబాయ్ దారే నయం.

ఫ్రిస్కో నుంచి: ఐ-20లో (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఫారం) ప్రోగ్రామ్ మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందు నుంచే రానిస్తారు, అది చూసుకుని టికెట్ తీసుకోండి. పాస్‌పోర్ట్, ఐ-20, స్టూడెంట్ వీసా కోసం కట్టిన సేవిస్ ఫీజు రసీదు చేతి బ్యాగులోనే పెట్టుకోండి. ఆవకాయ సీసా మాత్రం చెక్-ఇన్‌లో వేయండి. చేతి బ్యాగులో ఉంటే సెక్యూరిటీ దగ్గర తీయించేస్తారు.