సూర్యఘర్ సోలార్ పథకం పేరుతో మా ఊరికొచ్చి ఇంటికి 3,500 అడుగుతున్నారు, నమ్మొచ్చా?

పేట కుర్రాడు:

మాది నరసన్నపేట దగ్గర పల్లె. నేను విశాఖలో ఉంటాను, ఊళ్లో అమ్మా నాన్నా ఇద్దరే. ఈమధ్య ఒకతను బండి మీద వచ్చాడట. మెడలో ఐడీ కార్డు, చేతిలో ట్యాబ్, దానికి తగిలించిన వేలిముద్ర మిషన్. "సూర్యఘర్‌లో మీ ఊరికి కోటా వచ్చింది, నెలాఖరుకి అయిపోద్ది, ఇంటికి 3,500 రిజిస్ట్రేషన్" అన్నాడట. ఆధార్, కరెంటు బిల్లు, పాసుపుస్తకం ఫొటోలు తీసుకుని వేలు పెట్టమంటున్నాడు. మా వీధిలో కొందరు డబ్బు కట్టి వేలు కూడా పెట్టేశారు. అమ్మ మాత్రం "మా అబ్బాయొచ్చాక చూద్దాం బాబూ" అని పంపేసింది. అప్పటి నుంచి రోజూ ఫోన్లు. నిన్న నాన్న వాట్సాప్‌కి "సూర్యఘర్ స్టేటస్" అని ఏదో ఫైలు కూడా పంపాడు. తెరవొద్దని చెప్పాను.

సోలార్ పెట్టించాలని మాకూ ఉంది. మేం బీసీలం, రాష్ట్రం ఇంకొంత ఇస్తుందంటున్నారు, నిజమేనా? అసలు ఫీజు ఉంటుందా? వేలిముద్ర ఇచ్చేసినవాళ్లు ఏం చేయాలి? మా మీటరు ఇంకా తాతగారి పేరు మీదే ఉంది, ఆయన పోయి చాలా కాలమైంది. ఇక అమ్మ భయం వేరు. తిత్లీ తుపానుకి మా పెంకులన్నీ లేచిపోయాయి, ఇప్పుడు శ్లాబు మీద సోలార్ పలకలు నిలుస్తాయా అంటోంది.

బొబ్బిలి లైన్ ఇన్‌స్పెక్టర్ (రిటైర్డ్):

బాబూ, ముందు మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పు. స్తంభాలెక్కి బతికినవాణ్ని, ఈ పథకం గురించి మా వీధిలోనూ అందరూ నన్నే అడుగుతుంటారు.

పథకం నిజమే. 2024 ఫిబ్రవరిలో కేంద్రం మొదలుపెట్టింది. 1 కిలోవాట్‌కి 30,000, రెండింటికి 60,000, మూడు గానీ ఆపైన గానీ పెట్టుకుంటే 78,000 సబ్సిడీ. బీసీలకైతే 2 కిలోవాట్లకి మన రాష్ట్రం ఇంకో 20,000 కలుపుతామంది. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకి 2 కిలోవాట్లు ఉచితంగా పెట్టే కార్యక్రమం వేరే ఉంది, అది డిస్కమ్ (కరెంటు పంపిణీ సంస్థ) ద్వారా జరుగుతుంది. వాళ్ల దగ్గర ఎవరైనా పైసా అడిగినా అది మోసమే.

ఇప్పుడు డబ్బు నడిచే దారి చూడు. దరఖాస్తు సూర్యఘర్ పోర్టల్‌లో నువ్వే పెడతావు, దానికి రుసుము లేదు. వెండర్‌ని, అంటే పలకలు అమ్మి బిగించేవాళ్లని, అందులోని జాబితా నుంచి నువ్వే ఎంచుకుంటావు. పలకలు బిగించి, నెట్ మీటరు (మనం వాడిన కరెంటూ, లైనుకి పంపిన కరెంటూ రెండూ లెక్కించే మీటరు) పెట్టి, డిస్కమ్ వాళ్లు చూసి సరే అన్నాకే సబ్సిడీ వస్తుంది. అదీ నీ ఖాతాలోకే. వెండర్‌కి ఇచ్చే డబ్బు సామానుకీ బిగింపుకీ, దానికి బిల్లు ఉంటుంది. ఈ దారిలో "రిజిస్ట్రేషన్ 3,500" ఎక్కడ పడుతుంది? ఊరికి కోటా, నెలాఖరు గడువు అన్నవి మనిషిని తొందరపెట్టడానికి.

అతనెవరో తేల్చుకోవాలంటే గ్రామ సచివాలయంలో కరెంటు పనులు చూసే ఎనర్జీ అసిస్టెంట్‌ని అడుగు, లేదా కరెంటు వాళ్ల 1912కి ఫోన్ చెయ్. పథకం హెల్ప్‌లైన్ 15555.

నాకు కడుపు మండేది ఆ 3,500 గురించి కాదు, వేలిముద్ర గురించి. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర మూడూ ఒకరి చేతిలో పడితే ఓటీపీ లేకుండానే ఖాతాలోంచి డబ్బు తీసేయొచ్చు. మన పల్లెల్లో బ్యాంకు మిత్రలు రోజూ డబ్బులిచ్చేది ఆ పద్ధతిలోనే. కాబట్టి వేలు పెట్టినవాళ్లు ఈరోజే ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ (వేలిముద్ర) లాక్ చేసుకోవాలి. చేతకాకపోతే ఇంట్లో చదువుకున్న పిల్లలెవరైనా చేస్తారు. తర్వాత బ్యాంకుకెళ్లి పాసుపుస్తకం ఎక్కించుకోమను. ఒక్క మాట మరిచిపోవద్దు: లాక్ ఉన్నంతకాలం రేషన్ దగ్గరా పింఛను దగ్గరా కూడా వేలు పడదు. అక్కడ వేలు పెట్టబోయే ముందే తాత్కాలికంగా అన్‌లాక్ చేయాలి, లేకపోతే ముసలివాళ్లు కంగారుపడతారు.

డబ్బు పోయినట్టు తెలిస్తే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్. ఎంత త్వరగా చేస్తే డబ్బు వేరే ఖాతాలకి పోకుండా ఆపే అవకాశం అంత ఉంటుంది.

ఇచ్ఛాపురం తమ్ముడు:

నాన్నగారికి వచ్చిన ఫైలు పేరు చివర "ఏపీకే" అని ఉంటే అది ఫోన్‌లో దిగే యాప్, తెరవకుండా డిలీట్ చేయండి. ఇన్‌స్టాల్ అయితే మెసేజ్‌లన్నీ అవతలివాడు చదువుతాడు, ఓటీపీలతో సహా. ఎవరైనా ఇప్పటికే నొక్కి ఉంటే ఫోన్‌లో నెట్ ఆపేసి, ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పాలి.

రాష్ట్రం ఉచిత గ్యాస్ సిలిండర్ల పథకం దీపం-2 మొదలైంది మా మండలంలోని ఈదుపురంలోనే, 2024 నవంబరు 1న. అది ఎలా నడుస్తుందో చూస్తున్నాం కదా. సిలిండరుకి ముందు మనం కడతాం, తర్వాత డబ్బు ఖాతాలో పడుతుంది. లింకు నొక్కమని ఎవరూ పంపరు, పిన్ కొట్టమని అడగరు. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదని మా అమ్మకి చెప్పీ చెప్పీ నేర్పించాను.

రాజాం అక్క:

మేం పెట్టించుకున్నాం కాబట్టి రాస్తున్నాను. మొదట వచ్చిన ఏజెంటు 5 కిలోవాట్లు పెట్టుకోమని పట్టుపట్టాడు. సబ్సిడీ 78,000 దగ్గర ఆగిపోతుందని చెప్పనే లేదు. మా ఇంట్లో అత్తయ్యా మావయ్యా, మేమిద్దరం, నెలకి 200 యూనిట్లు దాటదు. కిలోవాట్‌కి రోజుకి సుమారు 4 యూనిట్లు వస్తాయి, కాబట్టి 2 చాలు. ఇద్దరే ఉంటే మీ అమ్మగారి పాత బిల్లులు ముందేసుకుని లెక్క చూసుకోండి, ఏసీ లేకపోతే ఒకటే సరిపోవచ్చు.

"పైసా పెట్టక్కర్లేదు" అని సంతకం అడిగితే ఆ కాగితం చదవండి. సాధారణంగా అది మీ పేరు మీద బ్యాంకు లోను. లోను తీసుకోవడం తప్పు కాదు, మేమూ తీసుకున్నాం. అది లోనని తెలిసి తీసుకోవాలి, అంతే.

గాలి విషయం మీ అమ్మగారు సరిగ్గా అడిగారు. మావయ్య దగ్గరుండి ప్రతి కాలు కిందా కాంక్రీటు దిమ్మ వేయించారు, శ్లాబుకి బోల్టులు దింపారు, ఇనుము గాల్వనైజ్డ్‌దేనా అని చూశారు. మీకు సముద్రం దగ్గర, తుప్పు త్వరగా పడుతుంది. పలకలు మన దేశంలో తయారైనవి కాకపోతే సబ్సిడీ రాదు, బిల్లు మీద రాయించుకోండి.

పేట కుర్రాడు:

అందరికీ ధన్యవాదాలు. ఇవాళ ఊరొచ్చాను. సచివాలయంలో అడిగితే అలాంటివాణ్ని తాము పంపలేదన్నారు. వేలు పెట్టిన ఇళ్లన్నిటికీ తిరిగి లాక్ చేయించాను. డబ్బు కట్టినవాళ్లు స్టేషన్‌కి వెళ్తున్నారు. బాధ ఏంటంటే, వాళ్లలో ఇద్దరు ఎస్సీ ఇళ్లవాళ్లు "ఇంక ఈ సోలారూ వద్దు, ఏదీ వద్దు" అంటున్నారు. ఉచితంగా రావాల్సింది వదిలేసుకుంటున్నారు.

బొబ్బిలి లైన్ ఇన్‌స్పెక్టర్ (రిటైర్డ్):

వాళ్లని వదలకు బాబూ. ఎనర్జీ అసిస్టెంట్‌నే వాళ్ల గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి వాళ్ల పేరుందో లేదో చూపించు, నీ మాట కంటే అది నమ్ముతారు. మీ మీటరుకి ముందు పేరు మార్పించు: తాతగారి మరణ ధ్రువపత్రం, ఇల్లు మీదని చూపే కాగితం పట్టుకెళ్లు. బిల్లు మీద నాన్న పేరు పడ్డాకే పోర్టల్‌లో దరఖాస్తు పెట్టు, బ్యాంకు ఖాతా కూడా ఆయనదే ఇవ్వు. పేర్లు కలవకపోతే సబ్సిడీ దగ్గర ఆగిపోతుంది.