ఈ వారం సమస్య: "చార్మినారు కూలి చక్కనయ్యె"

నిర్వాహకుడు, నల్లగొండ:
అందరికీ నమస్తే. ఈసారి ఆటవెలది పద్యం నాలుగో పాదం ఇస్తున్న, ముందటి మూడు పాదాలు మీరు రాసి అర్థం కుదిరేటట్టు పూరించాలె. కూలినంక చక్కగ ఎట్లయితది అని పరేషాన్ కాకుండ్రి, సందర్భం గూడ నేనే చెప్తున్న, ఆన్‌లైన్ జిగ్సా పజిల్. మనోళ్ళల్ల సగం మందికి రాత్రి పండుకునే ముందు అదే పని గదా, ఒకరు తాజ్‌మహల్ అంటరు ఇంకొకరు ఈఫిల్ టవర్ అంటరు, ఫొటో మంచిగ కనబడ్తది, షఫుల్ బటన్ నొక్కంగనే మూడొందల ముక్కలై తెర నిండ పడ్తది, మళ్ళ ఒక్కొక్కటి వేలితోని జరుపుకుంట కూర్చాలె. రెండు ముక్కలు సరిగ్గ కలిస్తే టక్ మని చిన్న సప్పుడొస్తది సూడుండ్రి, ఆ సప్పుడు కోసమే ఇంకొకటి ఇంకొకటి అనుకుంట కూసుంటం.

1, 3 పాదాల్ల మూడు సూర్యగణాలు రెండు ఇంద్రగణాలు, 2, 4ల అయిదూ సూర్యగణాలే. గణమంటే అక్షరాల చిన్న గుంపు, పలికే కాలం లెక్కల సూర్యగణం మూడు మాత్రలది, ఇంద్రగణం నాలుగైదు మాత్రలది. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతోని జత కుదరాలె, ఇచ్చిన పాదంల చా–చ కుదిరింది. కూలుడు గూడ కనబడాలె, చక్కనవుడు గూడ కనబడాలె, ఏది తగ్గినా నేను ఒప్పుకోను.

దేవరకొండ పెద్దమ్మ:
ముక్కలన్ని చెదరి మూలమూలల బడి
తెరను నిండినట్టి తీరు జూసి
మనవరాలు కూర్చె మన పాతపట్నాన
చార్మినారు కూలి చక్కనయ్యె

నిర్వాహకుడు:
పెద్దమ్మా, మొదటి పాదం వినంగనే తెర కండ్ల ముందట కనబడ్డది. గణాలు, యతి అన్నీ సాఫ్. ఒక్కటే, "కూర్చె" అని క్రియ ముగిసినంక మళ్ళ "కూలి" వస్తే వరస తిరగబడ్డది, కూర్చినంక కూలినట్టు వినబడ్తది. "మనవరాలు కూర్ప" అనుండ్రి, గణం అదే ఉంటది, అర్థం చివరి పాదంలకు నేరుగ పోతది.

దేవరకొండ పెద్దమ్మ:
కూర్ప మంచిగుంది బిడ్డా, అదే ఉంచు. పిల్ల తొమ్మిదో తరగతి, దానికి చార్మినార్ 1591ల కట్టిండ్రని పజిల్ కింద చదివినంకనే యాదికున్నది, బడిల ఎన్నిసార్లు చెప్పినా నిలువలే.

మిర్యాలగూడ తమ్ముడు:
అంచు ముక్క లేరి యాకాశమును బేర్చి
రంగు రంగు గలిపి రాశి పోసి
గంటసేపు వెదికి గడియారముం బెట్ట
చార్మినారు కూలి చక్కనయ్యె

పాలమూరు సార్:
తమ్మీ, ఆడేటోడు రాసిన పద్యం అని తెలుస్తున్నది, అంచులు ముందు ఏరుడు, రంగుల వారీగ కుప్పలు పోసుడు, అసలు పద్ధతి అదే. కని మూడు పాదాల్ల ఎక్కడ కూలిందయ్యా? పేర్చుడే ఉన్నది, కూలుడు లేదు, అట్లయితే సమస్య పూరించినట్టు గాదు. ఇంకొకటి, గడియారం ముక్కకు గంటసేపు ఎందుకు? 1889ల పెట్టిన ఆ గడియారాలకు గుండ్రటి ముఖం ఉంటది, అంకెలుంటయి, ఫొటోల అన్నిటికన్న ముందు దొరికేది అదే. సతాయించేది ఆకాశం, ఒక్కతీరు నీలం, ఏ ముక్క ఏడిదో పట్టిచ్చేటందుకు గీత గూడ ఉండది.

మిర్యాలగూడ తమ్ముడు:
నిజమే సార్, ఆకాశం దగ్గర్నే టైం పోతది. మార్చిన, సూడుండ్రి.
షఫులు నొక్కగానె చప్పున చెదరంగ
నంచు ముక్క లేరి యతికి పేర్చి
గంటసేపు వెదికి గగనముం బూరింప
చార్మినారు కూలి చక్కనయ్యె

పాలమూరు సార్:
శభాష్! ష–చ యతి బాగ పట్టినవ్, షఫులు అనే మాటతోని ఆటవెలది మొదలుపెట్టుడు నాకైతే మస్తు నచ్చింది.

వనపర్తి చెల్లె:
నాది మొదటి పాదం కాడనే ఆగింది అన్నా. "టాబ్లెట్టులోన వెయ్యి ముక్కలు బెట్టి" అనుకున్న, నడుస్తలేదు.

నిర్వాహకుడు:
చెల్లే, టాబ్లె అనంగనే రెండు గురువులు, అంటే రెండేసి మాత్రల అక్షరాలు రెండైతున్నయి, సూర్యగణం గాదు. టాబు అను, సరిపోతది. యతికి ట వర్గంల ఠావు ఉన్నది గదా, ఇట్లా సూడు.
టాబులోన వెయ్యి ఠావుల ముక్కలు
తిరుగుచుండ రాత్రి తెల్లవారె
నొక్కదాని కొకటి యొద్దిక గలుపంగ
చార్మినారు కూలి చక్కనయ్యె
దీన్ని నువ్వు ఇంకా సాన పట్టు, వెయ్యి ముక్కలు నీయే.

కొల్లాపూర్ అన్న:
పొట్ట చేత బట్టి పోయిరి పట్నము
రాళ్ళు మోసి సున్నరాశు లెత్తి
పాలమూరువారి బతుకు నిలుపునట్టి
చార్మినారు కూలి చక్కనయ్యె

నిర్వాహకుడు:
అన్నా, ఇది చదివి కాసేపు ఏం టైపు చెయ్యలే. కూలి అంటే పడిపోవుడు అనే అందరం పోతుంటే మీరు కైకిలి, అంటే రోజుకూలి పని దిక్కు తిప్పిండ్రు, పాలమూరు నుంచి వలస పోయినోళ్ళు ఏ ఊర్ల ఏ కట్టడానికి రాళ్ళు మోయలేదు చెప్పుండ్రి. పా–బ యతి గూడ శాస్త్రమే. నేను చెప్పిన సందర్భంల పజిల్ లేదు కాబట్టి పోటీల లెక్కపెట్టలేను గని, ఈ వారం నాకు అన్నిటికన్న గట్టిగ తగిలిన పద్యం ఇదే, దాపెట్టుకుంటున్న.

పాలమూరు సార్:
పజిల్ పుట్టుకే చదువు కోసం, లండన్‌ల స్పిల్స్‌బరీ అనే మ్యాపులాయన 1760లల్ల మ్యాపును చెక్కకు అంటించి దేశాల హద్దుల మీదికి కోసిండు, పిల్లలు భూగోళం నేర్చుకోవాలని. మనం గూడ మన జాగల ఫొటోలు పెట్టి ఆడుదాం. సాగర్ డ్యామ్ పెట్టిన మొన్న, 26 గేట్లు, అన్నీ ఒక్కతీరే, ఏ గేటు ఏడ పెట్టాలెనో తలకాయ తిరిగింది, ఆఖరికి కింద నీడను బట్టి పట్టుకున్న. పిల్లలమర్రి అయితే ఇంకా కష్టం, ఊడలూ ఆకులే.

నిర్వాహకుడు:
గట్లనే సార్. వచ్చే వారానికి పానగల్ ఉదయసముద్రం చెరువు ఫొటోను పజిల్ జేసి పంపిస్త, అది కూర్చినంకనే పద్యం రాయుండ్రి. పాదం ఇదీ, మళ్ళ ఆటవెలదే, యతి నీ–ని:
"నీటిచుక్క లేక నిండె చెరువు"