ఐకావో ఇంగ్లీష్ పరీక్ష: యాస ఉంటే లెవల్ 4 రాదా?

ఫ్లాప్స్15:
వచ్చే నెల ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) ప్రమాణాల ప్రకారం పైలట్లకు పెట్టే ఇంగ్లీష్ పరీక్ష ఉందండీ. నా ఇంగ్లీష్‌లో తెలుగు యాస బాగా తెలిసిపోతుంది. దానివల్ల అంతర్జాతీయ విమానాలు నడపడానికి కనీసం కావాల్సిన లెవల్ 4 పోతుందా? అమెరికన్ యాస నేర్చుకోమని కొందరు, బ్రిటిష్ అయితే మేలని ఇంకొందరు అంటున్నారు. ఇంకో సందేహం: ఒకే కంపెనీ విమానాల నుంచి రకరకాల యాసలు వినిపిస్తుంటాయి. అసలు పైలట్‌ది ఏ దేశమన్నది ఎక్కడ లెక్కలోకి వస్తుంది?

హోల్డ్‌షార్ట్:
యాస ఉన్నందుకు లెవల్ తగ్గదండీ, మీ మాట అర్థం కాకపోతేనే తగ్గుతుంది. చూసేవి ఆరు: ఉచ్చారణ, వాక్య నిర్మాణం, పదసంపద, ధారాళత, విని అర్థం చేసుకోవడం, ఎదుటివారితో సంభాషణ. వీటికి సగటు తీయరు. ఏది తక్కువొస్తే అదే మీ లెవల్. ఐదింట్లో 5 వచ్చి, విని అర్థం చేసుకోవడంలో 3 వస్తే చేతికొచ్చేది 3. అది చాలదు. అందరూ ఉచ్చారణ గురించి బెంగపడతారు గానీ, వినడం మీద కూడా అంతే సాధన చేయాలి.

ఉచ్చారణలో లెవల్ 4 అంటే మాతృభాష ప్రభావం ఉండొచ్చు, అది అప్పుడప్పుడు అర్థం కావడానికి అడ్డొచ్చినా ఫర్వాలేదు. లెవల్ 6లో కూడా యాస ఉండొచ్చు, కాకపోతే దాదాపు ఎప్పుడూ అడ్డు రాకూడదు. లెవల్ 4 వాళ్లకు మూడేళ్లకోసారి, 5 వాళ్లకు ఆరేళ్లకోసారి మళ్లీ పరీక్ష ఉంటుంది. 6 వస్తే ఇక అక్కర్లేదు.

అరువు యాస జోలికి మాత్రం పోకండి. కాక్‌పిట్‌లో పని మీద పడగానే అది జారిపోతుంది, మాట అటూ ఇటూ కాకుండా పోతుంది. దాని బదులు రెండు అలవాట్లు దిద్దుకోండి. ఒకటి, హల్లుతో ఆగాల్సిన పదానికి చివర ‘ఉ’ చేర్చడం: లెఫ్టు, రైటు, ఫ్లైటు. రెండోది, మాటలన్నీ విరామం లేకుండా ఒకే ఊపులో దొర్లించేయడం. వినేవాళ్లను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఈ రెండోదే.

స్క్వెల్చ్:
రేడియో వైపు నుంచి చెబుతాను. విమానాలు వాడే వీహెచ్ఎఫ్ రేడియోలో మాటలు 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య ఏఎం పద్ధతిలో వెళ్తాయి. గొంతులో సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకున్న భాగమే అవతలికి చేరుతుంది. స, ఫ, థ శబ్దాల పదునంతా దానికి పైనే ఉంటుంది కాబట్టి అది తెగిపోతుంది. త్రీని ట్రీ అని, ఫైవ్‌ని ఫైఫ్ అని, నైన్‌ని నైనర్ అని పలకమన్నది అందుకే. అవి ఏ దేశపు యాసా కావు, మొహమాటం లేకుండా వాడండి. వేగం నిమిషానికి 100 పదాలు మించకూడదు. బటన్ నొక్కి, క్షణం ఆగి మాట్లాడండి. నొక్కుతూనే మొదలుపెడితే కాల్‌సైన్ (రేడియోలో మీ విమానాన్ని పిలిచే పేరు) మొదటి ముక్క ఎగిరిపోతుంది, మీరెవరో కంట్రోలర్‌కు తెలియదు.

అంకెల దగ్గర ఇంకా జాగ్రత్త. 1989 ఫిబ్రవరి 19న కౌలాలంపూర్ దగ్గర ఫ్లయింగ్ టైగర్ 66 అనే 747 సరకు విమానానికి కంట్రోలర్ 2400 అడుగులకు దిగమంటూ ‘డిసెండ్ టూ ఫోర్ జీరో జీరో’ అన్నారు. సిబ్బంది మొదటి ‘టూ’ను ‘టు’ అనుకుని 400 అడుగులుగా తీసుకున్నారు. ‘ఫోర్ జీరో జీరో’ అని తిరిగి చెప్పినా కంట్రోలర్ పట్టుకోలేదు. విమానం కొండను ఢీకొని నలుగురు సిబ్బందీ చనిపోయారు. నేల దగ్గరపడుతోందన్న హెచ్చరికను పట్టించుకోకపోవడం లాంటి లోపాలు ఇంకా ఉన్నాయి, కానీ మొదలైంది ఇక్కడే. ‘డిసెండ్ టు ఆల్టిట్యూడ్ టూ తౌజండ్ ఫోర్ హండ్రెడ్ ఫీట్’ అని పూర్తిగా అంటే ఆ పొరపాటుకు చోటుండదు.

ఏప్రన్‌లైట్:
దేశం సంగతి. షికాగో ఒప్పందం 32వ అధికరణం ప్రకారం, విమానం ఏ దేశంలో రిజిస్టరైతే ఆ దేశం ఇచ్చిన లేదా చెల్లుబాటు చేసిన లైసెన్సు పైలట్‌కు ఉండాలి. పౌరసత్వం అడ్డొస్తే గిస్తే ఉద్యోగానుమతి, వీసాల దగ్గర వస్తుంది. కాల్‌సైన్ కూడా కంపెనీదే. ‘స్పీడ్‌బర్డ్’ అంటే బ్రిటిష్ ఎయిర్‌వేస్, ‘డైనాస్టీ’ అంటే తైవాన్‌కు చెందిన చైనా ఎయిర్‌లైన్స్. సీట్లో ఉన్నది ఏ దేశస్థుడో దాన్నిబట్టి చెప్పలేం.

యాస కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఒకే ఫ్రీక్వెన్సీలో రెండు భాషలు నడవడం. స్థానిక భాష వాడటం నిబంధనలకు విరుద్ధం కాదు, అడిగినవారికి ఇంగ్లీష్ అందుబాటులో ఉంటే చాలు. కానీ 2000 మే 25న ప్యారిస్ షార్ల్ ద గాల్‌లో ఎండీ-83 విమానానికి టేకాఫ్ అనుమతి ఫ్రెంచ్‌లో వెళ్లింది, అదే రన్‌వే మీదికి షార్ట్స్ 330 అనే మరో విమానాన్ని ఇంగ్లీష్‌లో పిలిచారు. షార్ట్స్ ఎక్కడుందో కంట్రోలర్ తప్పుగా అనుకోవడం అసలు కారణం. అయితే మొదటి అనుమతి కూడా ఇంగ్లీష్‌లో ఉండుంటే షార్ట్స్ సిబ్బందికి అనుమానం వచ్చే అవకాశముండేది. ఎండీ-83 రెక్క కాక్‌పిట్‌ను చీల్చింది, షార్ట్స్ కో-పైలట్ చనిపోయారు.

ఫ్లాప్స్15:
చాలా థ్యాంక్సండీ. ఇంగ్లీష్ మాతృభాషైన కంట్రోలర్ గబగబా చెప్పేస్తే ఏం చేయాలి?

హోల్డ్‌షార్ట్:
‘సే అగైన్’ అనండి. ఒక్క భాగమే అందకపోతే దాని పేరు చెప్పండి: ‘సే అగైన్ ఆల్టిట్యూడ్’. వేగం ఎక్కువైతే ‘స్పీక్ స్లోవర్’ అనడానికి వెనుకాడకండి, అది ప్రామాణిక పదబంధమే. ఊహించి రీడ్‌బ్యాక్ (విన్న ఆదేశాన్ని తిరిగి చెప్పడం) చేయొద్దు, విన్నానని ఉత్త ‘రోజర్’తో సరిపెట్టొద్దు.

అందరికన్నా వేగంగా ముక్కలు మింగేసేది తరచుగా ఇంగ్లీష్ మాతృభాషైనవాళ్లే. ఉదాహరణకు ఆల్టిమీటర్‌లో (ఎత్తు చూపే పరికరం) పెట్టుకోవాల్సిన గాలి పీడనం 29.92 అంగుళాలను కొందరు ‘నైన్ నైన్ టూ’ అని కుదించేస్తారు. ఆ మాట 992 హెక్టోపాస్కల్స్ (పీడనానికి మరో కొలమానం) అయినా కావచ్చు. నిజంగా 992 హెక్టోపాస్కల్స్ ఉన్నప్పుడు మీరు 29.92 పెట్టుకుంటే, విమానం ఆల్టిమీటర్ చూపే దానికన్నా దాదాపు 600 అడుగులు కిందుంటుంది. అందుకే అంకెలతో పాటు యూనిట్ కూడా రీడ్‌బ్యాక్‌లో చెప్పండి.