చీకట్లో కయాక్ మీద బాతుల వేటకి హెడ్‌ల్యాంప్ ఏది కొనాలి?

మిన్నెసోటా_చలిమంట:
అందరికీ నమస్తే. నేను మిన్నెసోటాలో ఉంటా, పోయినేడు ఆఫీసులో పనిచేసే ఒకాయన పుణ్యమా అని బాతుల వేట అంటుకుంది. ఇక్కడ సూర్యోదయానికి అరగంట ముందు నుంచే కాల్చొచ్చు కాబట్టి దానికి గంటా గంటన్నర ముందే కయాక్, అంటే తెడ్డేసుకుంటూ పోయే సన్నటి చిన్న పడవ, నీళ్లలోకి దింపి, జమ్ములోంచి తోసుకుంటూ పోయి, డెకాయ్‌లు అంటే ఆ ప్లాస్టిక్ బొమ్మ బాతులు వదిలి రెడీగా కూర్చోవాలి, అంటే పనంతా కటిక చీకట్లోనే.

నా దగ్గరున్న హెడ్‌ల్యాంప్ ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికింది, డబ్బా మీద ఏవో వేల ల్యూమెన్స్ అని రాసుంది. దానికి చెయ్యి ఊపితే వెలిగే సెన్సార్ ఒకటి. ఇక చూడండి నా తిప్పలు, తెడ్డు వేసిన ప్రతిసారీ చెయ్యి మొహం ముందు నుంచి పోతుందిగా, పోయినప్పుడల్లా లైటు వెలుగుతుంది, ఆరుతుంది, మళ్లీ వెలుగుతుంది, పెళ్లిపందిరి సీరియల్ సెట్టులాగా. పక్క కయాక్‌లో ఉన్నాయన ఏదో అన్నాడని తల తిప్పానా, సరిగ్గా ఆయన కళ్లలో కొట్టింది. పాపం పెద్దాయన, తిట్టలేదు గానీ తెడ్డు ఒళ్లో పెట్టుకుని కాసేపు కళ్లు మూసుకుని అలా కూర్చుండిపోయాడు. నాకే సిగ్గేసింది.

బడ్జెట్ 80 డాలర్ల దాకా. ఎన్ని ల్యూమెన్స్ తీసుకోవాలి? ఎర్ర లైటు నిజంగా అవసరమా లేక షోకేనా?

జమ్ములో_జాకెట్ (విస్కాన్సిన్):
తమ్ముడూ ముందు ఆ వేల ల్యూమెన్స్ సంగతి వదిలెయ్. ల్యూమెన్ అంటే మొత్తం వెలుగెంత అని, అది ఎంత దూరం పోతుందనేది క్యాండెలాని, అంటే ఒకవైపుకి పడే వెలుగు ఎంత గట్టిగా ఉందో దాన్ని బట్టి ఉంటుంది. రెట్టింపు దూరం కనపడాలంటే నాలుగు రెట్లు క్యాండెలా కావాలి కాబట్టి ఆ పోటీలో పడితే జేబు ఖాళీ. డబ్బా మీద వేసే బీమ్ దూరం కూడా పౌర్ణమి వెన్నెలంత వెలుగు మిగిలే చోటు దాకా కొలిచింది, అంత దూరంలో నీకు మొద్దు కనపడుతుందని కాదు. డెకాయ్ తాడు చిక్కు తియ్యడానికి 10, 20 ల్యూమెన్సే ఎక్కువ, మోకాళ్ల మీద పరుచుకునేలా వెడల్పుగా పడితే చాలు. నేనైతే 300 దాటినవాటి జోలికే పోను.

ఎర్ర లైటు షో కాదు. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20, 30 నిమిషాలు పడుతుంది, ఒక్క తెల్ల మెరుపు పడితే మళ్లీ మొదటికే. సన్నటి ఎర్ర వెలుగు ఆ అలవాటుని అంతగా చెడగొట్టదు. కాకపోతే కొనేటప్పుడు ఎవరూ చూడనిది ఒకటుంది, నొక్కగానే ముందు ఏ లైటు వెలుగుతుంది? కొన్నిట్లో ఎర్రది రావాలంటే ముందు తెల్లది హై, మీడియం, లో అన్నీ దాటాలి, ఇక ఆ ఎర్ర లైటు ఉండి ఏం లాభం. ఎర్రదానికి వేరే బటన్ ఉన్నదో, నేరుగా ఎర్రలోనే వెలిగేదో తీసుకో. షాపులో చలి గ్లవుజు తొడుక్కుని మరీ నొక్కి చూడు, సేల్స్ కుర్రాడు నవ్వితే నవ్వనీ.

నా దగ్గరున్నది పాత బ్లాక్ డైమండ్ స్టార్మ్, ఐపీ67 అంటే మీటరు లోతులో అరగంట ఉన్నా తట్టుకుంటుంది. ఐపీఎక్స్4 అని ఉంటే అది చినుకులకి మాత్రమే, కయాక్‌కి పనికిరాదు. తట్టుకోవడం వేరు తేలడం వేరు, చాలావరకు రాయిలాగే మునిగిపోతాయి, పట్టీకి ఒక దారం కట్టి లైఫ్ జాకెట్‌కి ముడెయ్యి.

వరంగల్_పిల్లగాడు:
అన్నా గా సెన్సార్‌ను ముందుగాల బంద్ జెయ్ 😂 నాదాంట్ల బటన్ మూడు సెకన్లు పట్టుకుంటే లాక్ పడ్తది, బ్యాగుల గూడ ఉత్తగనే ఎలగదు. గా లాక్ లేని లైటు కొననేవద్దు. నేను వేటకు వోను గని మిషిగన్‌ల చేపలకు రాత్రి వోత, బ్యాటరీ గురించి జెప్త ఇను.

చలికి మామూలు ఆల్కలైన్ సెల్లు సగం దమ్ము గూడ ఇయ్యయి. ఒక్కసారి వాడి పారేసే లిథియం ట్రిపుల్ఏ సెల్లు ఉంటయి గద, గవి మైనస్ 40 డిగ్రీల దాంక పని జేస్తయి, పిరమే గని నవంబర్‌ల గవే దిక్కు. రీచార్జ్ అయ్యే 18650 సెల్ ఉన్న లైటు అయితే ఇంకొక సెల్ ఛాతీ జేబుల పెట్టుకో, ఒంటి వెచ్చదనానికి మంచిగుంటది. ఒకటి యాది పెట్టుకో, సున్నా డిగ్రీల కింద లిథియం అయాన్ సెల్‌ను చార్జింగ్ పెట్టొద్దు, లోపట పాడయితది. వేట అయినంక గడ్డకట్టిన కార్ల కూసొని వెంటనే వైరు గుచ్చుడు బంద్, ఇంటికొచ్చి అది వెచ్చగయినంక పెట్టు.

ఇగ డబ్బా మీద 100 గంటలు అని రాస్తరు సూడు, వెలుగు మొదట్ల ఉన్నదాంట్ల పదో వంతుకు పడిపోయేదాంక లెక్కగట్టిన గంటలవి. ఆఖర్ల మిణుగురు పురుగు అంతనే.

కొల్లేటి_దోనె:
ఏవండీ, నేను కైకలూరు దగ్గర వాణ్ణి, మా నాన్నగారితో తాటిదోనెల మీద రాత్రులు వలకి పోయిన వయసు నాది. అప్పట్లో హరికేన్ లాంతరే, అదీ దోనెలో కాళ్ల దగ్గర పెట్టేవోళ్లం, తలకంటే ఎత్తులో లైటు పెడితే నాన్న ఒప్పుకునేవారు కాదు. ఎందుకో నాకప్పుడు తెలీలేదండి. ఈమధ్య మా తమ్ముడు తలకి కట్టుకునే లైటు తెచ్చాడు, సంక్రాంతి ముందు, పొగమంచు బాగా దిగిన రోజు. వెలిగించగానే మొహానికి జానెడు దూరంలో సున్నం కొట్టిన గోడ లేచినట్టయింది. నీళ్లు లేవు, జమ్ము లేదు, దోనె ముక్కు కూడా కనపడట్లేదు. ఆ లైటే తీసి మోకాలి కింద పట్టుకుని నీళ్ల మీదకి వాల్చితే దోవ కనపడింది. కళ్ల పక్క నుంచే వెలుగు పోతే మంచు బిందువుల మీద పడిందంతా తిరిగి కళ్లలోకే వస్తుందండి. అందుకని మీరు నుదుటికి ఎంత మంచిది కొన్నా, చేతిలో పట్టుకునే చిన్న టార్చి ఒకటి వేరే ఉంచుకోండి.

మరో మాట, తెల్ల కయాక్ అయితే ముందు భాగం మీద లైటు పడి కళ్లు చెదురుతాయి, నల్ల గుడ్డ ముక్క ఒకటి పరుచుకోండి.

మీరు అక్కడ లైసెన్సు తీసుకుని కాలుస్తున్నారు, బానే ఉంది. ఇక్కడెవరైనా ఇది చదివి తుపాకీ పట్టుకుని కొల్లేరు వచ్చేరు బాబూ, ఇది 1999 నుంచి అభయారణ్యం, 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ఉంది, జైలే. మా ఆటపాకలో గూడబాతుల్ని చూసి ఫోటో తీసుకుని చేపల పులుసు తిని పోండి.

లైసెన్స్_లక్ష్మణ్:
అందరూ లైటు గురించే చెప్తున్నారు, నేను రెండు వేరే ముక్కలు చెప్తా. ఎర్ర లైటు పెట్టుకుని చెరువు మధ్యలో అడ్డంగా పోవద్దు. పడవలకి ఎడమ పక్క ఎర్ర దీపం, కుడి పక్క ఆకుపచ్చ దీపం ఉండాలని రూలు, మోటారు బోటువాడు నీ ఎర్ర లైటు చూసి ఏదో పెద్ద పడవ ఎడమ పక్క అనుకుని తిప్పితే తర్వాత ఎవరికి చెప్పుకుంటావ్? తెడ్డు పడవకి కనీసం తెల్ల టార్చి చేతికి అందేలా ఉండాలి, ఎదురుగా ఎవరైనా వస్తుంటే ముందుగానే వెలిగించి చూపించాలి, రూలు కూడా అంతే. ఎర్రది జమ్ములోకి చేరాక చాలు.

రెండోది, హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ దగ్గర పెట్టుకోవడమే కుదరదు, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు. లైసెన్సు గడువు అయిపోయాక తుపాకీ ఇంట్లో ఉన్నా ఇబ్బందే, చాలామంది మనవాళ్లకి ఈ సంగతి తెలీదు. బాతుల వేటకి లైసెన్సుతో పాటు కొనాల్సిన 25 డాలర్ల డక్ స్టాంప్ సంగతి నీకు ఆ పెద్దాయన చెప్పే ఉంటాడు. తుపాకీ పక్కన పెట్టుకుని ఒడ్డున పొలాల మీదకి లైటు వేసి జింకలున్నాయేమో అని చూడటం కూడా చాలా రాష్ట్రాల్లో నేరం, సరదాకి కూడా వద్దు.

మిన్నెసోటా_చలిమంట:
అందరికీ థాంక్స్. కొల్లేటి_దోనె గారూ, మీ నాన్నగారి లాంతరు ముక్క మొన్న శనివారం అక్షరాలా పనికొచ్చింది.

ఎర్రదానికి వేరే బటన్ ఉన్నది కొన్నా, 60 డాలర్లయింది, షాపులో గ్లవుజుతోనే నొక్కి చూశా. నీళ్ల మీద ఆవిరిలాగా మంచు, నుదుటి లైటు ఆర్పేసి పాత టార్చి కాళ్ల దగ్గర పట్టుకుని పోయా. చుట్టూ వైల్డ్ రైస్ గడ్డి, అచ్చం మన వరి చేలో పడవ తోస్తున్నట్టే. ఒకటి మాత్రం ఎవరూ చెప్పలేదు, ఎర్ర లైట్లో ఎర్ర రంగు కనపడదు! ఎర్ర తూటాలు, తెల్ల తూటాలు ఒకేలా ఉన్నాయి, నేను మార్కర్‌తో ఎర్రగా రాసుకున్న చీటీ చూస్తే ఖాళీ కాగితం. సీసపు గుళ్లు బాతులకి 1991 నుంచే బంద్ కాబట్టి నా దగ్గర ఉన్నవన్నీ స్టీలే, ఏది పెట్టినా తప్పు లేదు గానీ సైజులు కలిసిపోయాయి.

ఈసారి కూడా పెద్దాయన ఏదో అన్నాడు, తల తిప్పకుండా "ఏంటి" అన్నా. ఫ్లాస్కులో కాఫీ ఉంది తాగుతావా అంట.

జమ్ములో_జాకెట్ (విస్కాన్సిన్):
చీటీ పెన్సిల్‌తో రాసుకో తమ్ముడూ, తడిసినా పోదు, ఎర్రలోనూ కనపడుతుంది. ఇంతకీ బాతులు పడ్డాయా లేదా, అది చెప్పలేదు.

మిన్నెసోటా_చలిమంట:
కాఫీ బాగుంది అన్నా 😅