పుట్టిన బిడ్డ కామెర్లు: ఆ పచ్చదనం ఒంట్లోంచి ఎలా పోతుంది?

చంటిదాని అమ్మ: పాప పుట్టి ఇవాళ్టికి నాలుగో రోజు. రక్తంలో బిలిరుబిన్ అనే పసుపు పదార్థం 16 (mg/dL) వచ్చిందని నీలిరంగు లైట్ కింద పెట్టారు. కళ్లకు గంతలు కట్టి, ఒంటి మీద డైపర్ ఒక్కటే ఉంచారు. చూడలేకపోతున్నాను. అసలు ఈ పచ్చదనం ఎక్కణ్ణుంచి వస్తుంది, ఎటు పోతుంది?

ఇద్దరు పిల్లల తల్లి: మా పెద్దవాణ్ణి రెండు రోజులు ఉంచారు. టెన్షన్ పడకండి, పాలు మాత్రం ఆపకండి. రోజుకు 8 నుంచి 12 సార్లు పట్టమన్నారు. వాడు మత్తుగా పడుకుంటే అరికాలు గీరి గీరి లేపేదాన్ని.

పిల్లల వార్డు నర్సు: ఎర్ర రక్తకణాలు చితికితే పుట్టేదే బిలిరుబిన్. పెద్దవాళ్లలో ఆ కణాలు 120 రోజులు బతికితే, పసివాళ్లలో 60 నుంచి 90 రోజులే. కడుపులో ఉన్నన్నాళ్లూ అది మాయ ద్వారా తల్లికి చేరేది. బొడ్డు కోశాక ఆ పనంతా బిడ్డ కాలేయానిదే. దాన్ని నీళ్లలో కరిగేలా మార్చే ఎంజైమ్ పుట్టినప్పుడు చాలా తక్కువ. మార్చి పేగుల్లోకి పంపినా, మోషన్ ఆలస్యమైతే మళ్లీ విడిపోయి రక్తంలోకి వెళ్లిపోతుంది. పాలు పడితేనే పేగు కదిలేది. ఇక నీలికాంతి చర్మంలోని బిలిరుబిన్ రూపాన్నే మార్చేస్తుంది. అప్పుడది కాలేయం మార్చకపోయినా పైత్యరసంలోనూ మూత్రంలోనూ పోతుంది. అందుకే అమ్మా, ఒంటి మీద బట్టలు ఉంచరు.

బాబు నాన్న: మరి పొద్దుటెండలో పెడితే చాలదా?

పిల్లల వార్డు నర్సు: ఈ వైద్యం ఎండ దగ్గరే మొదలైంది లెండి. 1956లో ఇంగ్లండ్‌లోని రోచ్‌ఫర్డ్ ఆస్పత్రిలో ఒక సిస్టర్ పిల్లల్ని ఎండకు తిప్పేది. ఒక బిడ్డకు గుడ్డ మూల కప్పిన చోట మాత్రం ముక్కోణంలా పసుపు మిగిలింది! కానీ ఎండలో ఎంత కాంతి అందిందో కొలవలేం. బిడ్డ ఒళ్లు కాలొచ్చు, చల్లబడొచ్చు. లైట్ పెట్టాల్సిన బిడ్డకు ఎండ సరిపోదు.

పిన్ని: ఒక్క మాట. మా అక్క పాపకు మూడో వారంలోనూ తగ్గలేదు. మోషన్ సున్నంలా తెల్లగా, మూత్రం ముదురు పసుపుగా ఉండేది. డైరెక్ట్ బిలిరుబిన్ (కాలేయం అప్పటికే మార్చిన బిలిరుబిన్) టెస్ట్ చేశాక పైత్యనాళం మూసుకుపోయిందని తేలింది. ఇలాంటిది ఎంత తొందరగా ఆపరేషన్ చేస్తే అంత మంచిదన్నారు. డైపర్‌లో రంగు రోజూ చూడండి.

పిల్లల వార్డు నర్సు: నిజం. పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడినా, పాలు తాగకపోయినా, కీచుగా ఏడ్చినా ఒక్క గంట కూడా ఆగొద్దు. బిలిరుబిన్ మరీ పెరిగితే మెదడుకే దెబ్బ.

చంటిదాని అమ్మ: ఇప్పుడే డైపర్ మార్చాను. మొన్నటిదాకా తారులా నల్లగా ఉండేది, ఇవాళ ఆవముద్ద రంగు! రేపు పొద్దున మళ్లీ రక్తం తీస్తారట. రిపోర్ట్ రాగానే ఇక్కడే పెడతాను.