హార్విచ్ నుంచి ఇప్స్‌విచ్‌కి ఇద్దరమే: ఆర్వెల్ నదిలో ఎప్పుడు బయల్దేరాలి?

తూర్పుగాలి:
నేనూ మా ఆయనా ఆగస్టులో ఇంగ్లండ్ తూర్పు తీరంలో 29 అడుగుల తెరచాప పడవ అద్దెకి తీసుకుంటున్నాం. ఫిన్ కీల్ (అడుగున రెక్కలా దిగే బరువైన పలక), నీళ్లలో 1.4 మీటర్లు దిగుతుంది. హార్విచ్ హాఫ్‌పెన్నీ పియర్ నుంచి ఆర్వెల్ నదిలో ఇప్స్‌విచ్ దాకా వెళ్లాలి. ఇద్దరం నేర్చుకున్నది అమెరికాలో, చెసపీక్ బేలో. అక్కడ ఆటుపోటు తేడా ఒకటి రెండు అడుగులే, ఇక్కడ మూడున్నర మీటర్లట. ఎన్నింటికి బయల్దేరాలి? బోయ్‌ల (దారి చూపే తేలే గుర్తుల) మధ్యలోనే వెళ్లాలా? చివర లాక్‌లో (రెండు గేట్ల మధ్య నీటిమట్టం మార్చే చోట) ఇద్దరమే సరిపోతామా?

పోటునీరు:
హార్విచ్ హైవాటర్‌కి (నీరు అత్యధికంగా ఉండే సమయానికి) మూడు గంటల ముందు బయల్దేరండి. దూరం 8, 9 నాటికల్ మైళ్లు. మీ పడవ 4.5 నాట్లు (గంటకి నాటికల్ మైళ్లు) నడిస్తే పోటు ఇంకో నాట్ కలుపుతుంది, గంటన్నర చాలు. దారిలో ఎక్కడ నేల తగిలినా నీరు పెరుగుతూనే ఉంటుంది.

అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకి వచ్చే పెద్ద పోటులో హార్విచ్ దగ్గర నీరు 0.4 నుంచి 4.0 మీటర్ల దాకా లేస్తుంది. ఆరు గంటల్లో ఆ 3.6 మీటర్లని పన్నెండు భాగాలు చేస్తే 1, 2, 3, 3, 2, 1 లెక్కన పెరుగుతుంది. అంటే మీరు బయల్దేరిన మొదటి గంటలోనే 0.9 మీటరు. బయల్దేరేటప్పుడు మట్టం 2.2. చార్టులో కింద గీత గీసిన 0.8 అంకె ఉన్నచోట (అది ఆటులో బయటపడే బురద ఎత్తు) నీరు 2.2 − 0.8 = 1.4. సరిగ్గా మీ కీల్ అంత! అలాంటిచోటికి అప్పుడే పోకూడదు. కీల్ కింద కనీసం 0.6 ఉంచుకోండి.

బ్రిటిష్ పట్టికల్లో టైము చాలాసార్లు యూటీలో (గ్రీనిచ్ టైములో) ఉంటుంది, వేసవిలో గంట కలపాలి. 11:40 అని ఉంటే గడియారంలో 12:40, మీ బయల్దేరే టైము 9:40. ఈ ఒక్క గంట మర్చిపోతే లెక్కంతా పోతుంది. చార్టు లోతులు మీటర్లలో ఉంటాయి, అడుగులనుకోకండి.

లంగరుతాడు:
పైన చెప్పినదానికంటే నాకు భయం వేసేది రంగులు. అమెరికాలో సముద్రం నుంచి లోపలికొచ్చేటప్పుడు ఎరుపు కుడివైపు. ఇంగ్లండ్‌లో, మన విశాఖలో కూడా, ఎరుపు ఎడమవైపు, పచ్చ కుడివైపు. ఏళ్ల అలవాటు కదా, అలసటలో చెయ్యి పాత దారికే పోతుంది. చుక్కాని పక్కన టేపు మీద "లోపలికి: ఎరుపు ఎడమ" అని రాసి అంటించండి.

పియర్ నుంచి బయటకి రాగానే పార్క్‌స్టన్ వెళ్లే ఫెర్రీల దారి అడ్డం వస్తుంది. రెండువైపులా చూసి, నిటారుగా అడ్డం దాటండి, ఏటవాలుగా కాదు. వీహెచ్ఎఫ్ రేడియోలో 71వ నంబరు వింటూ ఉండండి. ఫీలిక్స్‌టోకి వచ్చే కంటైనర్ ఓడ తిరగడం మొదలుపెడితే మీ కోసం ఆగలేదు. షాట్లీ స్పిట్ బోయ్ పైన పసుపు, కింద నలుపు, రెండు శంకువులూ కిందికి చూస్తాయి. దానికి దక్షిణంగా తిరిగి, తర్వాతే ఉత్తరానికి మళ్లండి. మూల కోస్తే బురదే.

నదిలో నీరు సగం పైన ఉన్నప్పుడు ఓడ వస్తే చానెల్ (ఓడల లోతు దారి) అంచు బోయ్‌కి కాస్త బయట ఉండి దారివ్వొచ్చు. కానీ ఎడమవైపు పిన్ మిల్, ఉల్వర్‌స్టన్ దగ్గర కట్టేసిన పడవలు వరసలుగా ఉంటాయి, వాటి మధ్యలోకి తోసుకుపోవద్దు. 1982లో తెరిచిన ఆర్వెల్ వంతెన కింద మీ మాస్ట్‌కి (తెరచాప స్తంభానికి) ఇబ్బంది లేదు.

తూర్పుగాలి:
నేల తగిలితే ఏం చెయ్యాలి? ఇంజిన్ రివర్స్‌లో గట్టిగా లాగాలా?

పోటునీరు:
వద్దండి. రివర్స్‌లో ప్రొపెల్లర్ లేపిన బురద ఇంజిన్ చల్లబరిచే నీటి గొట్టంలోకి పోతుంది. తెరచాపలు వదిలెయ్యండి. గాలి ఇంకా మెరక మీదికి తోస్తుంటే లోతున్న వైపు లంగరు వేసి తాడు బిగించి ఉంచండి. నీరు పెరిగితే పడవ దానంతటదే లేస్తుంది. తేలాక సైలెన్సర్ గొట్టంలోంచి నీళ్లు చిమ్ముతున్నాయో లేదో చూడండి. పొడి పొగ, శబ్దం మారడం కనిపిస్తే వెంటనే ఇంజిన్ ఆపి, వడపోత డబ్బా మూత తీసి బురద, నాచు కడగండి. మూత తీసేముందు సీకాక్ (బయటి నీరు లోపలికొచ్చే కవాటం) మూయాలి.

ఆటులో తగిలితే మాత్రం ఆలోచించే సమయం లేదు. ఒకరు పక్కకి వాలి పడవని వంచాలి, రెండోవారు వచ్చిన దారినే వెనక్కి తియ్యాలి. నిమిషాలు గడిస్తే తర్వాతి పోటు దాకా అక్కడే.

లంగరుతాడు:
లాక్ సంగతి. వంతెన దాటేముందే వీహెచ్ఎఫ్ 68లో పిలిచి పడవ పేరు, పొడవు చెప్పి, ఏ వైపు కట్టాలో అడగండి. అయినా ఫెండర్లు (పడవ గోడకి రాసుకోకుండా వేలాడదీసే మెత్తని దిండ్లు) రెండువైపులా, నీటికి దగ్గరగా కిందికి వేలాడదీయండి. ఎర్ర లైటు ఉంటే బయటే ఆగాలి. ఇరుపక్కల నీరు సమానమైనప్పుడు రెండు గేట్లూ తెరిచి ఉంచుతారు, అప్పుడు కూడా పచ్చ లైటు లేకుండా కదలొద్దు.

ఇద్దరే ఉంటే మొదటి తాడు నడిమి క్లీట్ (తాడు చుట్టే కొక్కెం) నుంచి. ఒకరు దాన్ని వేసి పొట్టిగా బిగిస్తే పడవ ముందూ వెనకా పెద్దగా తిరగదు. ముందు తాడే మొదట కట్టి లాగితే వెనక భాగం అవతలి గోడకేసి తిరుగుతుంది. తర్వాత ముందు, వెనక తాళ్లు. నీటిమట్టం మారుతున్నంతసేపూ తాడు చేతిలో ఉండాలి, ముడి వేసి వదలకండి.

తిరుగు ప్రయాణానికి హైవాటర్ దాటగానే కదలండి, ఆటు మొదటి సగంలోనే హార్విచ్ చేరిపోతారు.