అప్‌డేట్: అమ్మతో ప్రాగ్ వెళ్లొచ్చాం

మోకాళ్ల నొప్పులున్న అమ్మను జర్మనీలోని డ్రెస్డెన్ నుంచి చెక్ రాజధాని ప్రాగ్ తీసుకెళ్లొచ్చా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా, వెళ్లొచ్చాం. జర్మనీకి తీసుకున్న షెంగెన్ వీసానే (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా) అక్కడా చెల్లుతుంది, ఆ టెన్షన్ లేదు.

మీలో ఒకరు చెప్పిన 22 నంబర్ ట్రామ్ సలహా బంగారం. కోట దగ్గరే దిగాం, కొండ ఎక్కే బాధ తప్పింది. కోటలోని సెయింట్ వైటస్ చర్చి 1344లో మొదలై 1929లో పూర్తయిందంటే, "మన ఊరి ఫ్లైఓవర్ నయమే" అంది అమ్మ. 1410 నాటి ఖగోళ గడియారం ముందు మాత్రం జనం ఫోన్లెత్తి నిలబడితే, అందులోని బొమ్మలు అలా తిరిగి వెళ్లిపోగానే "ఇంతేనా?" అనేసింది. నిజం చెప్పాలంటే నాకూ అంతే అనిపించింది.

చార్లెస్ వంతెన మీదే ఎక్కువసేపు గడిపాం. నెపోముక్ అనే క్రైస్తవ సెయింట్ విగ్రహం కింద కంచు ఫలకం అందరూ తాకి తాకి ఒకచోట మెరిసిపోతోంది. అమ్మ చీర మీద స్పోర్ట్స్ షూతో వెళ్లి, దాన్ని తాకి కళ్లకద్దుకుంది. వెనకున్న కొరియా అమ్మాయిలూ అలాగే చేశారు!

రాళ్లు పరిచిన వీధుల్లో మాత్రం అరగంటకోసారి కూర్చోవాల్సి వచ్చింది. టాయిలెట్లకు చిల్లర క్రౌన్లు (చెక్ డబ్బు) దగ్గర పెట్టుకోండి. ఇక వియన్నా ఎప్పుడని అమ్మ అడుగుతోంది.